మూత్రాశయ క్యాన్సర్ ఎలా పాకుతుంది? – పాఠకుల ప్రశ్నలు, నిపుణుల జవాబులు

గత సంచికలో ‘నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే ఆలస్యం చేయొద్దు’ అని రాశాం. దానికి వచ్చిన ఉత్తరాలు రకరకాలుగా ఉన్నా, అన్నిటి వెనకా ఉన్న భయం ఒకటే: పాకిందా? పాకుతుందా? అందుకే ఈసారి శీర్షిక మొత్తం ఆ ఒక్క విషయానికే కేటాయించాం. ఎవరి రిపోర్టుకైనా తుది మాట వాళ్ల డాక్టరుదే. ఆ మాట అర్థం కావడానికి ఈ జవాబులు పనికొస్తే చాలు.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. మూత్రనాళం గుండా దుర్బీను పంపి మూత్రాశయంలోని గడ్డను గీకి తీశారు. గడ్డ 3 సెంటీమీటర్లు. బయాప్సీ రిపోర్టులో ‘హై గ్రేడ్, టీ1, డెట్రూసర్ మజిల్ కనిపించలేదు’ అని ఉంది. మొత్తం తీసేశామని చెప్పిన డాక్టరుగారే నాలుగు వారాల్లో మళ్లీ గీకాలంటున్నారు. మొదటిసారి సరిగా తీయలేదనా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: ఆ రిపోర్టులో అసలు కీలకం ‘కనిపించలేదు’ అన్న మాటే. (హై గ్రేడ్ అంటే కణాలు మామూలు రూపం బాగా కోల్పోయాయని, లో గ్రేడ్ అంటే కొద్దిగానే కోల్పోయాయని.) మూత్రాశయ క్యాన్సర్‌లో గడ్డ ఎంత పెద్దదన్నది రెండో సంగతి. ఎంత లోతుకు దిగిందన్నది మొదటిది.

మూత్రాశయం గోడను లోపలి నుంచి బయటికి ఒక్కో పొరా చూడండి. మూత్రం తగిలే వైపు అయిదారు వరసల కణాల పొర ఉంటుంది. పై వరసలోవి గొడుగు కణాలు. వాటి మీద యూరోప్లాకిన్ అనే ప్రోటీన్ పలకలు పెంకుల్లా పరుచుకుని, మూత్రం గోడలోకి ఇంకకుండా కాపాడతాయి. కణాల వరసల కింద ఒక పల్చటి చాప లాంటి పునాది పొర. నాలుగో రకం కొల్లాజెన్, లామినిన్ కలిపి నేసిన ఈ చాప మందం ఒక మైక్రాన్ కూడా ఉండదు. దాని కింద వదులుగా ఉండే మెత్తటి పొర, అందులో సన్నని రక్తనాళాలు, లింఫ్ నాళాలు. ఆ తర్వాత మూత్రాశయాన్ని పిండే మందపాటి కండరం, అదే డెట్రూసర్. బయట కొవ్వు.

క్యాన్సర్ కణాలు ఆ చాపకు పైనే ఉంటే టీఏ అంటారు. పైకి కోడిజుట్టులా ఎంత పెరిగినా ఇది సాధారణంగా బయటికి పోదు, ఎందుకంటే చాప దాటందే కణానికి లింఫ్ నాళం అందదు. చాప చీల్చుకుని మెత్తటి పొరలోకి దిగితే టీ1. కండరంలోకి దిగితే టీ2. మీ నాన్నగారి కణాలు చాప దాటాయన్నది ఖాయం. కండరం దాకా వెళ్లాయా లేదా అన్నది ఇంకా తెలియదు, ఎందుకంటే గీకిన ముక్కల్లో కండరమే రాలేదు. కండరం లేని ముక్కలు చూసి ‘కండరంలో క్యాన్సర్ లేదు’ అని ఏ పాథాలజిస్టూ చెప్పలేరు. వైద్యం మాత్రం అక్కడే రెండు దారులుగా చీలుతుంది. టీ1కి మూత్రాశయాన్ని ఉంచుకునే వైద్యం, టీ2 అయితే మూత్రాశయం తీసేయడమో, కీమోతో కలిపి రేడియేషన్ ఇవ్వడమో.

చాపను కణం ఎలా చీలుస్తుందో కూడా చెప్పాలి. మామూలు కణాలు ఈ-క్యాడ్హెరిన్ అనే కొక్కేలతో పక్క కణాలకు తగులుకుని ఉంటాయి. చెడ్డ కణం ముందు ఆ కొక్కేలను వదులు చేసుకుంటుంది. తర్వాత యూరోకైనేజ్ అనే ఎంజైమును వదులుతుంది. అది చుట్టూ ఉన్న ప్లాస్మినోజెన్‌ను ప్లాస్మిన్‌గా మారుస్తుంది, ప్లాస్మిన్ ఎంఎంపీ కుటుంబపు ఎంజైములను నిద్ర లేపుతుంది. వీటిలో ఎంఎంపీ-2, ఎంఎంపీ-9 సరిగ్గా నాలుగో రకం కొల్లాజెన్‌ను కోసే కత్తెరలు. చాపకు కన్నం పడ్డాక కణం తన లోపలి ఆక్టిన్ పోగులను ముందుకు తోసుకుంటూ పాకుతుంది. అంతా అయ్యేసరికి బయటికి కనిపించే గడ్డ పరిమాణం పెద్దగా మారకపోవచ్చు.

మళ్లీ గీకడం తప్పు దిద్దుకోవడం కాదు. టీ1కి ఇది మామూలు పద్ధతే, మొదటిసారి తర్వాత 2 నుంచి 6 వారాల్లో చేస్తారు. టీ1లో ఇలా రెండోసారి చూసినప్పుడు దాదాపు సగం మందిలో ఎంతో కొంత మిగిలి కనిపిస్తుంది. అయితే ఈసారి రెండు విషయాలు ముందే అడగండి. గడ్డ అడుగు నుంచి తీసిన ముక్కలను వేరే సీసాలో పంపుతారా? అన్నీ ఒకే సీసాలో కలిపేస్తే ఏది పైది, ఏది అడుగుదో పాథాలజిస్టుకు అంతు దొరకదు. రెండోది, కరెంటు తీగతో మరీ కాల్చకుండా తీయడం. మాడిన ముక్కలో కండరాన్నీ క్యాన్సర్‌నూ విడదీయలేం. మెత్తటి పొరలోనూ అక్కడక్కడ సన్నని కండరపు పోగులు ఉంటాయి, వాటిని చూసి డెట్రూసర్ అని పొరబడే ప్రమాదం ఉంది. అందుకే రిపోర్టులో ‘కండరం’ అని మాత్రమే ఉంటే ఏ కండరమో అడగాలి. రక్తనాళాల్లో గానీ లింఫ్ నాళాల్లో గానీ కణాలు కనిపించాయా, ‘కార్సినోమా ఇన్ సిటు’ (చదునుగా ఉండే హై గ్రేడ్ క్యాన్సర్) ఉందా, ‘మైక్రోపాపిల్లరీ’ అనే దూకుడు రకమా అన్న మూడూ కూడా రాయించుకోండి. ఈ మూడింట్లో ఏ ఒక్కటి ఉన్నా టీ1కి కూడా మూత్రాశయం తీసేయాలా అన్న చర్చ మొదలవుతుంది.

ప్రశ్న: కత్తి తగిలితే క్యాన్సర్ పాకుతుందని మా ఊళ్లో అంటారు. గీకినప్పుడు కణాలు చెదిరిపోవా?
– ఒక పాఠకుడు, నంద్యాల

జవాబు: చెదురుతాయి. అందులో సగం నిజం ఉంది. గడ్డను ముక్కలు ముక్కలుగా తీస్తారు కాబట్టి కొన్ని కణాలు నీళ్లలో తేలుతూ, గీకిన పచ్చి పుండు మీద అంటుకోగలవు. కానీ అది మూత్రాశయం లోపలే జరిగే వ్యవహారం, ఊపిరితిత్తులకు ఎక్కే దారి కాదు. గీకకుండా వదిలేస్తే మాత్రం పై జవాబులో చెప్పిన కత్తెరలు తమ పని తాము చేసుకుపోతాయి.

నిజంగా జాగ్రత్త పడాల్సిన చోటు వేరే ఉంది. గీకేటప్పుడు గోడకు పూర్తిగా చిల్లు పడితే, ముఖ్యంగా పై భాగంలో, కణాలు పొట్టలోకి జారవచ్చు. ఇది అరుదు. ఇంకొకటి, రక్తపు గడ్డలు అడ్డుపడి మూత్రం ఆగిపోయిన రోగికి మూత్రాశయంలో గడ్డ ఉందన్న అనుమానం ఉంటే, పొత్తికడుపు మీద నుంచి సూది గుచ్చి గొట్టం వేయకూడదు. ఆ సూది దారి వెంట కణాలు నాటుకుంటాయి. లావుపాటి మూడు దారుల క్యాథెటర్‌ను కింది నుంచే వేసి, రక్తపు గడ్డలు కడిగి తీయాలి.

ప్రశ్న: నాకు అయిదేళ్లలో నాలుగుసార్లు వచ్చింది. ప్రతిసారీ ‘లో గ్రేడ్, టీఏ’ అనే రాశారు, ప్రతిసారీ కొత్త చోటే. ఇది పాకడం కాదా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తిరిగి రావడం వేరు, పాకడం వేరు. మీది మొదటి రకం. విసుగు పుట్టిస్తుంది, ఖర్చు పెట్టిస్తుంది, కానీ ప్రాణం మీదికి తెచ్చేది తక్కువ.

మూత్రాశయ క్యాన్సర్ మొదటి నుంచే రెండు దారుల్లో నడుస్తుంది. ఒక దారిలో ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 అనే జన్యువులో మార్పు వస్తుంది. ఇది కణం పైన ఉండే స్విచ్చు లాంటి ప్రోటీన్‌కు జన్యువు. మార్పు వస్తే బయటి నుంచి సంకేతం రాకపోయినా స్విచ్చు వేసే ఉంటుంది, కణం పెరుగుతూ పోతుంది. కానీ కొక్కేలు వదలవు, చాప చీల్చవు. లో గ్రేడ్ టీఏ గడ్డల్లో ఎక్కువ శాతం ఈ దారివే. రెండో దారిలో టీపీ53, ఆర్‌బీ1 అనే కాపలా జన్యువులు పాడవుతాయి. చూడ్డానికి ఎర్రటి మచ్చలా చదునుగా ఉండే కార్సినోమా ఇన్ సిటు నుంచి కండరంలోకి దిగేది ఎక్కువగా ఈ దారే. రెండింటికీ ఉమ్మడిగా చాలా ముందే జరిగేవి తొమ్మిదో క్రోమోజోము ముక్క పోవడం, టెర్ట్ జన్యువు ముందు భాగంలో మార్పు. మొదటి దారిలో ఉన్న గడ్డ రెండో దారిలోకి మళ్లడం కూడా అప్పుడప్పుడు జరుగుతుంది, ముఖ్యంగా సీడీకేఎన్2ఏ జన్యువు రెండు ప్రతులూ పోయినప్పుడు. అందుకే ప్రతిసారీ బయాప్సీ చేయాల్సిందే. ‘ఇంతకుముందులాంటిదేలే’ అనుకోకూడదు.

కొత్త చోట ఎందుకు వస్తుందంటే, చూడ్డానికి వేర్వేరుగా ఉన్నా చాలాసార్లు అవన్నీ ఒకే తల్లి కణం పిల్లలు. ఈ సంగతి 1992లో చక్కటి ఉపాయంతో తేల్చారు. ఆడవాళ్ల ప్రతి కణంలోనూ రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూతపడి ఉంటుంది, ఏది మూతపడాలన్నది కణానికో తీరు. ఒకే మహిళ మూత్రాశయంలో వేర్వేరు చోట్ల ఉన్న గడ్డలను పరీక్షిస్తే అన్నిటిలోనూ ఒకే ఎక్స్ మూతపడి ఉంది. విడివిడిగా పుట్టినవైతే అలా కుదరదు. అంటే కొన్ని కణాలు చాప పైనే పక్కకు జరిగి, లేదా మూత్రంలో తేలి, ఇంకోచోట నాటుకున్నాయన్నమాట.

దీన్ని అడ్డుకోవడానికే గీకిన తర్వాత 24 గంటల్లోపు, వీలైతే మొదటి ఆరు గంటల్లోనే, మూత్రాశయంలోకి ఒక డోసు మందు పోస్తారు. మైటోమైసిన్ 40 మిల్లీగ్రాములు, లేదా 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో జెమ్‌సిటబిన్ 2 గ్రాములు. క్యాథెటర్‌కు క్లిప్పు పెట్టి గంట సేపు ఉంచి వదిలేస్తారు. గోడకు చిల్లు పడిందన్న అనుమానం ఉన్నా, రక్తం ఎక్కువగా కారుతున్నా ఇది పోయకూడదు. మందు పొట్టలోకి జారితే వచ్చే ఇబ్బంది క్యాన్సర్‌ను మించిపోతుంది.

వారానికోసారి మైటోమైసిన్ పోసే కోర్సులో ఇంకో మెలిక ఉంది. పుల్లటి మూత్రంలో ఆ మందు విరిగిపోతుంది, ఎక్కువ మూత్రంలో పలచబడుతుంది. అందుకే ముందు రాత్రి, ఆ ఉదయం, మందుకు అరగంట ముందు 1.3 గ్రాముల చొప్పున సోడియం బైకార్బొనేట్ ఇచ్చి, నీళ్లు తగ్గించమని, మందు పోసేముందు మూత్రాశయం పూర్తిగా ఖాళీ చేసి, 20 మిల్లీలీటర్లలోనే 40 మిల్లీగ్రాములు కలిపి పోసే పద్ధతి ఉంది. గుండె, కిడ్నీ జబ్బులున్నవారికి ఆ సోడా కుదరకపోవచ్చు, సొంతంగా మొదలుపెట్టొద్దు. ‘మందు పని చేయలేదు’ అనే కొన్ని సందర్భాల్లో లోపం మందులో కాదు, క్యాథెటర్ పెట్టాక మూత్రం పూర్తిగా తీయకుండా పోయడంలో ఉండవచ్చు.

ప్రశ్న: ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ ప్రాజెక్టులో ఈఎంటీ (అతుక్కుని ఉండే కణం కొక్కేలు వదిలి కదిలే రకంగా మారడం) మీద పని చేస్తున్నాను. టీ24 అనే మూత్రాశయ క్యాన్సర్ కణాలు గీత పరీక్షలో (కణాల పొర మీద గీత గీసి, ఆ ఖాళీ ఎంత వేగంగా పూడుతుందో చూసేది) 18 గంటల్లో ఖాళీని పూడ్చేస్తున్నాయి. మ్యాట్రిజెల్ (పునాది పొరను పోలిన జెల్) వేసిన ట్రాన్స్‌వెల్‌లో (అడుగున రంధ్రాల పొర ఉన్న చిన్న గిన్నెలు, అంటే ఇన్సర్టులు, పెట్టే ప్లేటు) ఒక ఇన్సర్టులో వందల కణాలు, పక్కదానిలో పది కూడా లేవు. ఆర్‌టీ4 అనే ఇంకో రకం అసలు కదలడం లేదు. ఈఎంటీని రేపే టీజీఎఫ్-బీటా వేసినా టీ24లో మార్పు రాలేదు. తప్పెక్కడ?
– ఒక విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: నాలుగు ఫిర్యాదుల్లో రెండు అసలు తప్పులే కావు.

ఆర్‌టీ4 కదలకపోవడం దాని సహజగుణం. నెమ్మదస్తురాలైన పాపిల్లరీ గడ్డ నుంచి వచ్చిన కణాలవి. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3, టీఏసీసీ3 జన్యువులు అతుక్కున్న రకం, ఈ-క్యాడ్హెరిన్ నిండుగా ఉంటుంది, గుంపులు గుంపులుగా పెరుగుతాయి. దాన్ని నెగటివ్ కంట్రోల్‌గా పెట్టుకోండి. టీ24 సంగతి దీనికి తలకిందులు. అది ఇప్పటికే ఈఎంటీలో చాలా దూరం వెళ్లిపోయిన కణం, ఈ-క్యాడ్హెరిన్ దాదాపు లేదు, కదిలే కణాల గుర్తులైన విమెంటిన్, ఎన్-క్యాడ్హెరిన్ ఉన్నాయి. నడిచేవాడికి నడక నేర్పినట్టు దానికి టీజీఎఫ్-బీటా వేసి ఏం లాభం? 5637 అనే రకం కణాలు గానీ ఆర్‌టీ4 గానీ తీసుకుని, మిల్లీలీటరుకు 5 నానోగ్రాముల టీజీఎఫ్-బీటా1 వేసి 48 నుంచి 72 గంటలు చూడండి. ఈఎంటీని నడిపే జెబ్1, స్నెయిల్, స్లగ్ పెరిగి ఈ-క్యాడ్హెరిన్ తగ్గుతుందేమో కొలవండి. మైక్రో ఆర్‌ఎన్‌ఏ-200 కుటుంబాన్ని కూడా కొలిస్తే మంచిది, అది జెబ్1ను అణుస్తుంది, జెబ్1 దాన్ని అణుస్తుంది. ఎవరి చేయి పైనుంటే కణం ఆ వైపు ఒరుగుతుంది.

ఇక గీత పరీక్ష. టీ24 సుమారు 20 గంటల్లో రెట్టింపవుతుంది. 18 గంటల్లో ఖాళీ పూడిందంటే కణాలు నడిచాయా, పిల్లల్ని పెట్టాయా అన్నది మీరు చెప్పలేరు. గీత గీసేముందు మిల్లీలీటరుకు 10 మైక్రోగ్రాముల మైటోమైసిన్-సితో రెండు గంటలు ఉంచి, పీబీఎస్ అనే ఉప్పు ద్రావణంతో రెండుసార్లు కడగండి. పై జవాబులో మూత్రాశయంలోకి పోసిన మందే ఇది, ఇక్కడ కణ విభజనను ఆపడానికి వాడుతున్నాం. సీరం 1 శాతానికి తగ్గించండి. ప్లేటు అడుగున మార్కరుతో గుర్తు పెట్టి 0, 6, 12 గంటలకు అదే చోటును ఫొటో తీయండి.

ట్రాన్స్‌వెల్‌లో ఇన్సర్టుకీ ఇన్సర్టుకీ అంత తేడా వస్తే నూటికి తొంభైసార్లు జెల్‌దే తప్పు. మ్యాట్రిజెల్ 10 డిగ్రీలు దాటితే గడ్డకట్టడం మొదలుపెడుతుంది. సీసాను ఐసులో పెట్టి 4 డిగ్రీల ఫ్రిజ్‌లో రాత్రంతా కరగనివ్వాలి. టిప్పులు, ట్యూబులు, సీరం లేని మీడియం అన్నీ ముందే చల్లబరచాలి. వెచ్చటి టిప్పుతో మొదటి ఇన్సర్టుకు పలచగా, చివరి ఇన్సర్టుకు గడ్డలుగా పడుతుంది, మీకు జరిగింది బహుశా ఇదే. మిల్లీలీటరుకు 200 నుంచి 300 మైక్రోగ్రాములకు పలచబరిచి, 24 గుంటల ప్లేటు ఇన్సర్టుకు 100 మైక్రోలీటర్లు, బుడగలు లేకుండా వేసి, 37 డిగ్రీల్లో రెండు గంటలు ఉంచండి. రంధ్రాలు 8 మైక్రాన్లవి. పైన సీరం లేని మీడియంలో 50 వేల కణాలు, కింద 10 శాతం సీరం ఉన్న మీడియం. ఇన్సర్టును ఏటవాలుగా దించండి, తిన్నగా దించితే పొర కింద గాలి బుడగ చిక్కుకుని ఆ భాగంలో కణాలు దిగవు. 24 గంటల తర్వాత పైపొరను దూదిపుల్లతో రెండుసార్లు తుడిచి, 4 శాతం పారాఫార్మాల్డిహైడ్‌తో నిలిపి, 0.1 శాతం క్రిస్టల్ వయొలెట్ పట్టించండి. జెల్ లేని ఇన్సర్టులు కూడా పక్కనే పెట్టి నిష్పత్తి చెప్పండి. ఆ నిష్పత్తి లేకుండా ‘చొచ్చుకుపోయే గుణం పెరిగింది’ అని రాస్తే పరీక్షకుడు ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా.

మీ టీ24 నిజంగా టీ24యేనా? కణాల డీఎన్‌ఏ గుర్తింపు చూసే ఎస్‌టీఆర్ పరీక్ష చేయించండి. రక్తనాళపు కణాలనుకుని ఏళ్ల తరబడి వాడిన ఈసీవీ304 చివరికి టీ24యేనని తేలింది. అంత జోరుగా పక్క ఫ్లాస్కుల్లోకి దూరే రకమిది. దీనికే ఇంకో ఘనత కూడా ఉంది. 1982లో మనిషి క్యాన్సర్ జన్యువులో మొదటిసారి ఒకే ఒక్క అక్షరం మార్పును పట్టుకున్నది ఈ కణాల్లోనే: హెచ్‌రాస్ జన్యువు 12వ కోడాన్‌లో జీజీసీ బదులు జీటీసీ, అంటే గ్లైసిన్ బదులు వాలిన్.

ప్రశ్న: మా అన్నయ్యకు టీ2 అన్నారు. స్కాన్‌లో ఎక్కడా పాకలేదట. అయినా ముందు కీమో, తర్వాత మూత్రాశయంతోపాటు లింఫ్ గ్రంథులూ తీస్తామంటున్నారు. లేనిచోట వైద్యం ఎందుకు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్కాన్ చూసేది గ్రంథి సైజును. కటి భాగంలో సుమారు 8 మిల్లీమీటర్లు దాటితేనే అనుమానిస్తారు. అంతకంటే చిన్న గ్రంథిలో లక్షల కణాలు ఉన్నా సీటీ స్కాన్‌కు కనిపించవు. స్కాన్ శుభ్రంగా ఉండి ఆపరేషన్‌కు వెళ్లినవారిలోనూ సుమారు నాలుగో వంతు మందికి గ్రంథుల్లో క్యాన్సర్ దొరుకుతుంది.

కండరంలోకి దిగిన గడ్డ తనకు కావాల్సిన దారులు తానే వేయించుకుంటుంది. గాలి ఆడక హెచ్‌ఐఎఫ్-1 అనే ప్రోటీన్ పెరిగి, వీఈజీఎఫ్-ఏ అనే సంకేతంతో కొత్త రక్తనాళాలు, వీఈజీఎఫ్-సితో కొత్త లింఫ్ నాళాలు పుట్టిస్తుంది. ఒక్కోసారి ఆ పని పరాయివాళ్ల చేత చేయిస్తుంది. 2018లో చైనా పరిశోధకులు ఎల్‌ఎన్‌మ్యాట్1 అనే పొడవాటి ఆర్‌ఎన్‌ఏ గురించి చెప్పారు. అది గడ్డలో సీసీఎల్2 అనే సంకేతాన్ని పెంచుతుంది, ఆ వాసనకు మన రక్షణ కణాలైన మాక్రోఫేజీలు వచ్చి చేరతాయి, వచ్చి వీఈజీఎఫ్-సి వదులుతాయి. కాపలాకు వచ్చినవాళ్లే దొంగలకు దారి వేసినట్టు. అలా వెళ్లే కణాలు మొదట ఆగేది ఆబ్ట్యురేటర్, లోపలి ఇలియాక్, బయటి ఇలియాక్ గ్రంథుల్లో. అందుకే వాటిని తీస్తారు. ఎంత పైకి తీస్తే అంత మంచిదని చాలాకాలం అనుకున్నారు. 2024లో వచ్చిన అమెరికా ట్రయల్‌లో మామూలు హద్దును మించి తీసినందువల్ల ప్రాణానికి అదనపు లాభం కనిపించలేదు, ఇబ్బందులు మాత్రం పెరిగాయి. కాబట్టి ‘ఎన్ని గ్రంథులు తీశారు’ అని పోటీ లెక్కలు వేసుకోనక్కర్లేదు.

గ్రంథులు దాటి రక్తంలో పడ్డ కణాల్లో చాలావరకు చస్తాయి. బతికినవి ఎక్కడ పడితే అక్కడ మొలవవు. విత్తనానికి తగిన నేల కావాలని స్టీఫెన్ పేజెట్ 1889లోనే రాశాడు. మూత్రాశయ క్యాన్సర్‌కు నప్పే నేలలు ఎముకలు, ఊపిరితిత్తులు, కాలేయం, దూరపు లింఫ్ గ్రంథులు. సీఎక్స్‌సీఎల్12 అనే సంకేతం ఎక్కువగా ఉండే ఎముక మజ్జ వైపు, దాన్ని పసిగట్టే సీఎక్స్‌సీఆర్4 ఉన్న కణాలు ఆకర్షితమవుతాయి. అక్కడ చేరాక ర్యాంక్‌ఎల్ సంకేతంతో ఎముకను తినే కణాలను రెచ్చగొడతాయి. ఎముక కరిగి పెరుగుదల కారకాలు బయటపడతాయి, వాటితో గడ్డ ఇంకా పెరుగుతుంది. రోజీడీఐ2 అనే జన్యువు ఊపిరితిత్తుల్లో మొలకెత్తడాన్ని అణుస్తుందని ఎలుకల్లో చూపించారు, ముదిరిన గడ్డల్లో అది తగ్గిపోతుంది.

మీ అన్నయ్యకు ముందు కీమో ఇచ్చేది ఈ కంటికి కనపడని కణాల కోసమే. సిస్‌ప్లాటిన్ ఉన్న కీమో ముందు ఇస్తే అయిదేళ్లకు బతికి ఉండేవారు వందలో సుమారు 5 మంది పెరుగుతారని పాత ట్రయల్స్ అన్నీ కలిపి చూసిన లెక్క. చిన్న సంఖ్యలా కనిపిస్తుంది గానీ వదులుకునేది కాదు. దానికి కిడ్నీ వడపోత నిమిషానికి 50 నుంచి 60 మిల్లీలీటర్లకు తగ్గకూడదు. కిడ్నీ నుంచి మూత్రాశయానికి వచ్చే నాళాన్ని గడ్డ నొక్కి కిడ్నీ ఉబ్బి ఉంటే, ముందు గొట్టం వేసి కిడ్నీని తేరుకోనిచ్చి మళ్లీ కొలవాలి. ఈ మెట్టు దాటేసి ‘కిడ్నీ బాగాలేదు, కీమో కుదరదు’ అని కొట్టేయడం చూస్తుంటాం. వినికిడి లోపం, కాళ్లు చేతుల తిమ్మిర్లు ఉంటే ముందే చెప్పండి. కీమో వద్దనుకుంటే మాత్రం ఆపరేషన్‌ను మూడు నెలలు దాటనివ్వొద్దు.

ప్రశ్న: క్యాన్సర్ వచ్చేశాక ఇక బీడీ మానేసి ఏం లాభం?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: లాభం ఉంది. పొగలోని 4-అమైనోబైఫినైల్ వంటివి కాలేయంలో మారి, మూత్రంలో చేరి, గంటల తరబడి మూత్రాశయం గోడకు తగులుతూ డీఎన్‌ఏకు అతుక్కుంటాయి. వీటిని విరుగుడు చేసే నాట్2 ఎంజైము కొందరిలో పుట్టుకతోనే మందకొడి, వాళ్లకు ప్రమాదం ఎక్కువ. 1895లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో లుడ్విగ్ రేన్ అనే సర్జన్ రంగుల ఫ్యాక్టరీ కార్మికుల్లో పట్టుకున్నది కూడా ఈ కుటుంబపు రసాయనాల పనినే. మీ మూత్రాశయంలో గడ్డ తీసిన చోటు కాక మిగతా గోడ అలాగే ఉంది, సగం దారి నడిచిన కణాలు అందులో ఉండవచ్చు. మీరు పొగ తాగినంతకాలం వాటికి మిగతా సగం నడిపిస్తున్నట్టే. బీడీ, చుట్ట, సిగరెట్‌లలో ఎంపిక లేదు.

ప్రశ్న: అమ్మకు క్యాన్సర్ ఊపిరితిత్తులకు పాకింది. ఎఫ్‌జీఎఫ్‌ఆర్3 మార్పు ఉందని ఎర్డాఫిటినిబ్ మాత్రలు ఇస్తున్నారు. రెండు వారాలకే రక్తంలో ఫాస్ఫేట్ పెరిగింది. కిడ్నీలు పాడవుతున్నాయా?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: క్రియాటినిన్ మామూలుగా ఉంటే కంగారు వద్దు. ఆ ఫాస్ఫేట్ ఒక రకంగా మందు తగలాల్సిన చోట తగిలిందన్న ఆనవాలు. ఎముకలు ఎఫ్‌జీఎఫ్23 అనే హార్మోను పంపి, కిడ్నీలోని ఎఫ్‌జీఎఫ్‌ఆర్1 స్విచ్చు ద్వారా ఫాస్ఫేట్‌ను మూత్రంలోకి తోయిస్తాయి. మాత్ర గడ్డలోని స్విచ్చుతోపాటు దీన్నీ ఆపేస్తుంది, ఫాస్ఫేట్ లోపలే నిలిచిపోతుంది. మామూలుగా రోజుకు 8 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, 14 నుంచి 21 రోజుల మధ్య ఫాస్ఫేట్ చూసి, కుదిరితే 9కి పెంచుతారు.

తిండిలో ఫాస్ఫేట్‌ను రోజుకు 600 నుంచి 800 మిల్లీగ్రాములకు తగ్గించాలి. కోలాలు, ప్యాకెట్ మాంసం, ప్రాసెస్డ్ చీజ్ ముందు ఆపండి, వాటిలో కలిపిన ఫాస్ఫేట్ దాదాపు మొత్తం ఒంటికి పట్టేస్తుంది. పప్పులు, గింజల్లోది అంత పట్టదు, కాబట్టి అమ్మ చేత పప్పన్నం పూర్తిగా మాన్పించకండి, కొలత తగ్గించండి. ఫాస్ఫేట్‌ను పట్టేసే మాత్ర ఇస్తే అన్నంతోనే మింగాలి, ఖాళీ కడుపున వేస్తే పని చేయదు. చూపు మసకబారినా, గీతలు వంకరగా కనిపించినా ఆ రోజే చెప్పాలి, కంటిపొర కింద నీరు చేరడం ఈ మందుకున్న చెడ్డగుణం. మొదటి నాలుగు నెలలూ నెలకోసారి కంటి పరీక్ష తప్పనిసరి.

ప్రశ్న: ఈ క్యాన్సర్ మగవాళ్లకే ఎక్కువ ఎందుకు? పొగ తాగనివాళ్లలో కూడానా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మూడు నాలుగు రెట్లు ఎక్కువ, పొగ లెక్క తీసేసినా తేడా పూర్తిగా పోదు. 2023లో ఒక ఆసక్తికరమైన సంగతి బయటపడింది. వయసు మీద పడ్డ మగవాళ్ల కణాలు కొన్ని వై క్రోమోజోమును జారవిడుచుకుంటాయి. అలా వై పోయిన మూత్రాశయ గడ్డలు ఎలుకల్లో తొందరగా పెరిగాయి, చుట్టూ చేరిన టీ కణాలను (ఒంటి రక్షణ కణాలను) అలసిపోయేలా చేశాయి. వై మీద ఉండే కేడీఎం5డీ, యూటీవై జన్యువులు లేకపోవడమే కారణమన్నారు. తమాషా ఏమిటంటే, అలాంటి గడ్డలే టీ కణాలకు బ్రేకు లాంటి పీడీ-1ను అడ్డుకునే ఇమ్యునోథెరపీకి బాగా లొంగాయి.

ప్రశ్న: భర్తకు మూత్రాశయంలో బీసీజీ పోస్తున్నారు. క్షయ టీకా క్యాన్సర్‌ను ఎలా ఆపుతుంది? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ప్రమాదమా?
– ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: బీసీజీ బతికున్న, బలహీనపరిచిన క్రిమి. అది ఫైబ్రోనెక్టిన్‌కు అతుక్కుని గోడ మీద నిలుస్తుంది, క్యాన్సర్ కణాలు దాన్ని మింగుతాయి. అంతటితో న్యూట్రోఫిల్స్, టీ కణాలు దండెత్తి వస్తాయి. దాన్ని మూత్రాశయంలో 1976లో మొదట వాడి చూపినది కెనడా వైద్యుడు మొరాలెస్. మొదట వారానికోసారి ఆరు డోసులు, తర్వాత మూడో నెల, ఆరో నెల, అక్కడి నుంచి ఆరు నెలలకోసారి మూడేసి డోసులు. హై రిస్కు అయితే మూడేళ్లదాకా సాగుతుంది. మధ్యలో ‘మంట’ అని మానేసేవాళ్లూ ఉంటారు. మొదటి రెండు రోజుల మంట, కొద్దిపాటి జ్వరం మందు గుణమే.

గోడ పచ్చిగా ఉన్నప్పుడు మాత్రం పోయకూడదు. గీకి రెండు వారాలు కాకపోయినా, మూత్రం ఎర్రగా ఉన్నా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా, ఆ రోజు క్యాథెటర్ వేసేటప్పుడు గీరుకుపోయి రక్తం వచ్చినా ఆ డోసు వాయిదా వేయమనండి. క్యాన్సర్ కణాలు పాకే దారిలోనే క్రిమి రక్తంలోకి దిగుతుంది. 38.5 డిగ్రీలు దాటిన జ్వరం రెండు రోజులు తగ్గకపోయినా, వణుకు పుట్టినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ బీసీజీ సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మామూలు యాంటీబయాటిక్ ఇచ్చి పంపేస్తారు.

పిల్లల విషయంలో భయం అక్కర్లేదు, శుభ్రత చాలు. మందు గరిష్ఠంగా రెండు గంటలు ఆపుకుని, తర్వాత మూత్రం కూర్చునే పోయాలి, నిలబడితే తుంపర్లు పడతాయి. ఆ తర్వాత ఆరు గంటలపాటు వెళ్లిన ప్రతిసారీ బేసిన్‌లో రెండు కప్పుల బ్లీచింగ్ ద్రావణం పోసి, 15 నిమిషాలు ఆగి, మూత పెట్టి ఫ్లష్ చేయాలి. ఇంట్లో ఒకే మరుగుదొడ్డి ఉంటే ఆ ఆరు గంటలూ పిల్లల్ని పక్కింటికి పంపండి.